ఓరియంటీరింగ్‌లో యువతకు శిక్షణ: పరుగు కంటే ముందు పటం

పల్సానా (సూరత్): చేతిలో పటం, బొటనవేలికి దిక్సూచి, ఎదుట తెలియని నేల. గీసిన ట్రాక్ ఉండదు, దారి చూపేవారు ఉండరు. పటంలో గుర్తించిన స్థలాలన్నింటినీ వరుస తప్పకుండా చేరి, అందరికంటే తక్కువ సమయంలో గమ్యాన్ని అందుకున్నవారే విజేతలు. ఈ క్రీడ పేరు ఓరియంటీరింగ్.

ఉత్తర యూరప్ అడవుల్లో పుట్టిన ఈ క్రీడకు కొండలు, కోనలు తప్పనిసరి అన్న అభిప్రాయం బలంగా ఉంది. అయితే దీని మౌలిక నైపుణ్యాలను పాఠశాల ఆవరణలోనే నేర్పవచ్చు. సూరత్ జిల్లాలోని పల్సానా వంటి సమతల ప్రాంతంలో కూడా శిక్షణ ప్రారంభించడానికి అడ్డంకి లేదు. అందుకు కావలసినవి కచ్చితమైన పటం, వయసుకు తగిన శిక్షణ క్రమం, జాగ్రత్తగా ఎంచుకున్న సురక్షిత స్థలం. దారి వెతికే పనిని ఫోనుకు అప్పగించిన తరానికి తాను ఎక్కడ ఉన్నదీ తానే తెలుసుకోగల శక్తిని ఇవ్వడం ఈ శిక్షణ వల్ల కలిగే ప్రధాన ప్రయోజనం.

క్రీడ స్వరూపం

పోటీ ఆరంభంలో క్రీడాకారులకు పటం అందుతుంది. అందులో ఊదా రంగు త్రిభుజం ప్రారంభ స్థానాన్ని, అంకెలు వేసిన వృత్తాలు చేరవలసిన స్థలాలను, ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు వృత్తాలు ముగింపును సూచిస్తాయి. చేరవలసిన ప్రతి స్థలాన్ని ‘కంట్రోల్’ అంటారు. అక్కడ తెలుపు, నారింజ రంగుల మూడు పలకల జెండా ఉంటుంది. ఒక్కో పలక 30 సెంటీమీటర్ల భుజం గల చతురస్రం. జెండా వద్ద ఉన్న సంకేత సంఖ్యను తమ వద్ద ఉన్న వివరణ పత్రంతో సరిచూసుకుని, ఎలక్ట్రానిక్ చిప్‌తో గానీ పంచ్‌తో గానీ హాజరును నమోదు చేసుకోవాలి. ఒక్క కంట్రోల్ తప్పినా, వరుస మారినా ఫలితం చెల్లదు.

వ్యక్తిగత పోటీల్లో సాధారణంగా క్రీడాకారులను నిర్ణీత వ్యవధి తేడాతో ఒక్కొక్కరిగా వదులుతారు. ఒకరి వెనుక మరొకరు పరుగెత్తే వీలు తగ్గించడమే ఇందులోని ఉద్దేశం. దూరాన్ని బట్టి స్ప్రింట్, మిడిల్, లాంగ్ అనే ప్రధాన విభాగాలున్నాయి. ప్రపంచ స్థాయి స్ప్రింట్‌లో విజేతకు పట్టే సమయం 12 నుంచి 15 నిమిషాలు. ఇది ఎక్కువగా వీధులు, పార్కులు, విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో జరుగుతుంది. అడవులు లేని ప్రాంతాలకు ఈ క్రీడను చేర్చిన విభాగం ఇదే. కాలినడక పోటీలతో పాటు సైకిల్, స్కీ విభాగాలు కూడా ఉన్నాయి. వేగంతో నిమిత్తం లేకుండా పటాన్ని కచ్చితంగా చదవడంపైనే ఆధారపడిన ట్రైల్ విభాగంలో దివ్యాంగులు ఇతరులతో సమానంగా పాల్గొనవచ్చు.

సైనిక విద్య నుంచి క్రీడగా

ఈ క్రీడ పేరు తొలుత స్వీడన్ సైనిక విద్యలో వినిపించింది. పటం, దిక్సూచి సాయంతో తెలియని నేలను దాటడం అనే అర్థంలో 1886లో అక్కడి కార్ల్‌బెర్గ్ సైనిక అకాడమీలో ఆ పదాన్ని వాడారు. సాధారణ ప్రజలకు తొలి పోటీ 1897 అక్టోబరు 31న నార్వేలో జరిగింది. స్వీడన్‌కు చెందిన సైనికాధికారి, స్కౌట్ నాయకుడు ఎర్న్‌స్ట్ కిల్లాండర్ 1919లో స్టాక్‌హోమ్ సమీపాన నిర్వహించిన పోటీతో దీనికి ఆధునిక రూపం ఏర్పడింది. యువత పరుగు పోటీలకు దూరమవుతుండటం గమనించి, పరుగుకు ఆలోచనను జోడిస్తే వారు తిరిగి వస్తారని ఆయన భావించారు.

అంతర్జాతీయ ఓరియంటీరింగ్ సమాఖ్య 1961లో కోపెన్‌హాగన్‌లో పది దేశాలతో ఏర్పడింది. తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ 1966లో ఫిన్లాండ్‌లో జరిగింది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 1977లో ఈ క్రీడను గుర్తించింది. ఒలింపిక్స్‌లో మాత్రం ఇంతవరకు చోటు దక్కలేదు. జూనియర్ల ప్రపంచ చాంపియన్‌షిప్ 1990లో మొదలైంది. ఆ సంవత్సరంలో 20 ఏళ్లు నిండే వారి వరకు అందులో పోటీపడవచ్చు.

భారత్‌లో పటం, దిక్సూచి ఎక్కువ మంది విద్యార్థుల చేతికి తొలిసారి అందేది నేషనల్ క్యాడెట్ కోర్‌లోనే. ఎన్‌సీసీ సైనిక విభాగం పాఠ్యక్రమంలో దిక్కులు, గ్రిడ్ పద్ధతి, దిశాకోణాలు, పటాన్ని నేలకు అనుగుణంగా అమర్చడం, తన స్థానాన్ని కనుగొనడం వంటి అంశాలున్నాయి. పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ భూగోళ ప్రయోగ పుస్తకం కూడా సర్వే ఆఫ్ ఇండియా స్థలాకృతి పటాలను పరిచయం చేస్తుంది. అంటే పునాది పాఠం పాఠశాలల్లో ఇప్పటికే ఉంది. దాన్ని బల్ల మీది నుంచి మైదానానికి తీసుకురావడమే శిక్షకుల ముందున్న పని.

పటం భాష

సర్వే ఆఫ్ ఇండియా స్థలాకృతి పటాల్లో 1:50,000 స్కేలు సాధారణం. అందులో ఒక సెంటీమీటరు నేలపై 500 మీటర్లకు సమానం. పరుగెత్తే క్రీడాకారుడికి ఆ వివరం చాలదు. అడవి పోటీలకు 1:15,000 లేదా 1:10,000, స్ప్రింట్‌కు 1:4,000 స్కేలు పటాలు వాడతారు. 1:4,000 పటంలో ఒక సెంటీమీటరు 40 మీటర్లే కావడంతో గోడలోని సందు, మెట్లు, విడిగా నిలిచిన చెట్టు సైతం కనిపిస్తాయి.

రంగులకు అంతర్జాతీయంగా ఒకే అర్థం ఉంటుంది. పిల్లలు మొదట నేర్చుకోవలసిన అక్షరమాల ఇదే.

• తెలుపు: తేలికగా పరుగెత్తగల అడవి. కొత్తవారు దీన్ని ఖాళీ నేలగా పొరబడుతుంటారు.
• పసుపు: బహిరంగ నేల, మైదానం, పొలం.
• ఆకుపచ్చ: దట్టమైన పొదలు. రంగు ముదిరిన కొద్దీ దూరడం కష్టం.
• నీలం: నీటి వనరులు.
• గోధుమ: ఎత్తుపల్లాలను తెలిపే సమోన్నత రేఖలు.
• నలుపు: బండరాళ్లు, బాటలు, కట్టడాలు.
• ముదురు పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చ: ప్రవేశం లేని ఇళ్ల ఆవరణలు, తోటలు.
• ఊదా: పోటీ మార్గం, నిషిద్ధ ప్రాంతాలు.

పటం పైభాగం అయస్కాంత ఉత్తరానికి ఉండేలా ముద్రిస్తారు. అందువల్ల దిక్సూచి సూచించే ఉత్తరానికి, భౌగోళిక ఉత్తరానికి మధ్య ఉండే దిక్పాతాన్ని క్రీడాకారుడు లెక్కించవలసిన పని లేదు. సాధారణ పటాలతో సాధన చేసేటప్పుడు కూడా సూరత్ ప్రాంతంలో ఈ తేడా ఒక డిగ్రీ లోపే కాబట్టి పిల్లలకు ఆ లెక్క చెప్పకుండానే ముందుకు సాగవచ్చు.

దిక్సూచి కొనేటప్పుడు ఒక విషయం గమనించాలి. భూఅయస్కాంత రేఖలు నేలతో చేసే కోణం స్వీడన్‌లో 70 డిగ్రీలకు పైగా ఉండగా, సూరత్ పరిసరాల్లో అందులో సగానికి అటూ ఇటూగా ఉంటుంది. ఉత్తర యూరప్‌కు తూకం సరిచేసిన సూచి ఇక్కడ వాలిపోయి గిన్నెకు రాసుకునే అవకాశం ఉంది. ఇనుప గేట్లు, వాహనాలు, విద్యుత్ పరికరాల దగ్గర ఏ దిక్సూచీ నమ్మదగినది కాదు. మిల్లులు ఎక్కువగా ఉన్న చోట ఈ సంగతిని తొలి రోజే పిల్లలకు ప్రయోగపూర్వకంగా చూపాలి.

ఆలోచన, పరుగు ఒకేసారి

సూర్యుడు గానీ, దూరపు ఆనవాలు గానీ కనిపించని చోట మనుషులు తిన్నగా నడుస్తున్నామనుకుంటూనే గుండ్రంగా తిరుగుతారు. జర్మనీ అడవిలోను, ట్యునీషియా ఎడారిలోను యాన్ సౌమన్ బృందం చేసిన పరిశీలన 2009లో దీన్ని నిర్ధారించింది. దిశను తెలుసుకోవడం జన్మతః వచ్చే వరం కాదని, బయటి ఆనవాళ్లతో పోల్చుకుంటూ సాధించేదని ఇది తెలియజేస్తుంది.

నిపుణులైన క్రీడాకారులపై డేవిడ్ ఎకిల్స్, సహచరులు 2002లో ప్రచురించిన అధ్యయనం మరో ముఖ్య విషయాన్ని వివరించింది. పటం, పరిసరాలు, పరుగు అనే మూడింటి మధ్య దృష్టిని పంచుకోవడమే ఈ క్రీడలోని కేంద్ర సమస్య. నిపుణులు రాబోయే నేలను ముందే ఊహిస్తారు, అనవసరమైన వివరాలను వదిలేస్తారు. కొత్తవారు కనిపించిన ప్రతిదాన్నీ పటంలో వెతకబోయి అలసిపోతారు.

ఫోను సూచనలపై అతిగా ఆధారపడేవారిలో స్థల జ్ఞాపకశక్తి క్రమంగా తగ్గుతున్నట్టు కెనడా పరిశోధకులు దహ్మానీ, బోబో 2020లో వెల్లడించారు. అనుభవజ్ఞులైన ఓరియంటీరింగ్ క్రీడాకారులు తమ స్థల జ్ఞాపకశక్తిని ఇతరుల కంటే మెరుగ్గా అంచనా వేసుకున్నారని కెనడాలోనే మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో ప్రచురించారు. ఈ రెండో అధ్యయనం క్రీడాకారులు స్వయంగా ఇచ్చిన సమాధానాలపై ఆధారపడింది. క్రీడ వల్లనే ఆ మెరుగుదల వచ్చిందా, ఆ శక్తి ఉన్నవారే ఈ క్రీడను ఎంచుకున్నారా అన్నది దీనితో తేలదు. శిక్షకులు తల్లిదండ్రులకు వాగ్దానాలు చేసేటప్పుడు ఈ పరిమితిని గుర్తుంచుకోవాలి.

వయసును బట్టి శిక్షణ దశలు

8 నుంచి 10 ఏళ్లు: తరగతి గది పటంతో ఆరంభించాలి. బల్లలు, తలుపులు, నల్లబల్ల ఉన్న చోట్లను పిల్లలే గీయాలి. తర్వాత అదే కాగితాన్ని పట్టుకుని గదిలో తిరగాలి. తాము ఎటు తిరిగినా పటంలోని ఉత్తరం గదిలోని ఉత్తరం వైపే ఉండేలా కాగితాన్ని తిప్పడం ఈ దశలో అలవడాలి. ఈ ఒక్క అలవాటు స్థిరపడితే తర్వాతి సగం పొరపాట్లు తప్పుతాయి. ఆవరణలో తాడు కట్టి, దాని వెంట కంట్రోళ్లు పెట్టి నడిపించే పద్ధతిని స్వీడన్, ఫిన్లాండ్ దేశాల్లో చిన్న పిల్లలకు విరివిగా వాడతారు.

11, 12 ఏళ్లు: బాట, గోడ, కాలువ గట్టు వంటి ఆనవాళ్ల వెంట కంట్రోల్ నుంచి కంట్రోల్‌కు వెళ్లడం. మొదట జంటలుగా, తర్వాత ఒంటరిగా. ‘నక్షత్ర’ అభ్యాసం ఈ వయసుకు బాగా సరిపోతుంది. శిక్షకుడు మధ్యలో ఉంటాడు. పిల్లలు ఒక్కో కంట్రోల్‌కు వెళ్లి తిరిగి ఆయన వద్దకే వస్తారు. పొరపాటును వెంటనే సరిదిద్దవచ్చు, ఎవరు ఎక్కడ ఉన్నదీ తెలుస్తుంది.

13, 14 ఏళ్లు: దిక్సూచిని పూర్తి స్థాయిలో పరిచయం చేయాలి. దూరాన్ని అడుగులతో కొలవడం, రెండు దారుల్లో ఒకదాన్ని ఎంచుకోవడం, చిన్న గుట్టలు, పల్లాలను సమోన్నత రేఖల్లో గుర్తించడం ఈ దశ పాఠాలు.

15, 16 ఏళ్లు: బాటలు తొలగించిన పటంతో, తర్వాత సమోన్నత రేఖలు మాత్రమే ఉన్న పటంతో సాధన చేయాలి. పటాన్ని కొన్ని క్షణాలు చూసి, దాన్ని వదిలి తర్వాతి కంట్రోల్‌కు జ్ఞాపకంతోనే వెళ్లే అభ్యాసం వివరాలను వడగట్టడం నేర్పుతుంది.

17 నుంచి 20 ఏళ్లు: పోటీ వేగంలో నిర్ణయాలు, రిలేల ఒత్తిడి, కొత్త నేలకు అలవాటుపడటం, సొంతంగా పోటీ మార్గం రూపొందించడం. ఇతరుల కోసం మంచి మార్గం గీయగలిగిన క్రీడాకారుడు ఎదుటివారు గీసిన మార్గంలోని చిక్కులను త్వరగా పసిగడతాడు.

ఆరు కీలక మెలకువలు

1. బొటనవేలి గుర్తు: పటాన్ని చిన్నగా మడిచి, తాను ఉన్న చోట బొటనవేలిని ఉంచాలి. ముందుకు సాగిన కొద్దీ వేలిని జరపాలి. పటంపై చూపు పడిన ప్రతిసారీ వెతుకులాట లేకుండా ఇది కాపాడుతుంది.

2. హ్యాండ్‌రైల్: మెట్ల పక్కన కమ్మీని పట్టుకుని ఎక్కినట్టు, గట్టు, కంచె, బాట వంటి పొడవైన ఆనవాలు వెంట సాగడం.

3. అటాక్ పాయింట్: కంట్రోల్‌కు సమీపాన, తేలికగా గుర్తుపట్టగల స్థలం. అక్కడి వరకు వేగంగా, అక్కడి నుంచి నిదానంగా వెళ్లాలి.

4. ఆపే ఆనవాలు: కంట్రోల్ దాటిపోతే ఎదురయ్యే రోడ్డు లేదా కాలువను ముందే పటంలో చూసుకోవడం. అది కనిపించిందంటే దాటి వచ్చినట్టే.

5. పక్కకు గురి: ఎదురుగా అడ్డంగా ఉన్న కాలువపై వంతెనను చేరాలనుకోండి. నేరుగా వంతెనకే గురిపెట్టి తప్పితే కుడికి వెళ్లాలో ఎడమకు వెళ్లాలో తెలియదు. కావాలని ఎడమకు గురిపెడితే, కాలువ రాగానే కుడికి తిరగాలని ముందే తెలుసు. దిశలో ఐదు డిగ్రీల పొరపాటు 500 మీటర్ల దూరంలో సుమారు 44 మీటర్ల తేడా తెస్తుంది. ఈ మెలకువ ఆ తేడాను నిరపాయం చేస్తుంది.

6. అడుగుల లెక్క: కొలిచిన 100 మీటర్లను మూడుసార్లు దాటి, ఒకే కాలు నేలను తాకిన సంఖ్యల సగటు తీసుకోవాలి. నడకకు, పరుగుకు లెక్క వేరుగా ఉంటుంది. పిల్లలు పొడవు పెరుగుతుంటారు కాబట్టి ఆరు నెలలకోసారి మళ్లీ కొలవాలి.

దారి తప్పినప్పుడు

మంచి క్రీడాకారులు కూడా దారి తప్పుతారు. ఆ సంగతిని ఎంత త్వరగా ఒప్పుకుంటారన్నదే వారిని వేరుచేస్తుంది. నేలపై కనిపిస్తున్నది పటంతో సరిపోలకపోయినా, సరిపోలుతున్నట్టు మనసు నచ్చజెప్పుకుంటుంది. గుంట లేకపోతే పూడిపోయి ఉంటుందని, బాట అదనంగా ఉంటే కొత్తగా పడి ఉంటుందని సమాధానాలు వెతుకుతుంది. శిక్షణలో దీనికి ఒక స్థిరమైన క్రమాన్ని నేర్పాలి. ఆగాలి. పటాన్ని ఉత్తరానికి అమర్చాలి. కచ్చితంగా తెలిసిన చివరి స్థానం ఏదో గుర్తుచేసుకోవాలి. అక్కడి నుంచి ఎంత సేపు, ఎటు వచ్చిందీ అంచనా వేయాలి. చుట్టూ ఉన్న పెద్ద ఆనవాళ్లు మూడింటిని పటంలో వెతకాలి. అప్పటికీ తేలకపోతే చివరి స్థానానికి తిరిగి వెళ్లాలి.

దీనికోసమే ఒక అభ్యాసం ఉంది. ఇద్దరిలో ఒకరు పటం పట్టుకుని ముందు వెళ్తారు. రెండోవారు పటం లేకుండా వెంట నడుస్తారు. కొంత దూరం తర్వాత పటం చేతులు మారుతుంది. రెండోవారు తామెక్కడ ఉన్నదీ కనుగొని, తర్వాతి కంట్రోల్‌కు దారి తీయాలి.

వేగం ఎక్కడ, నిదానం ఎక్కడ

పరుగులో ప్రతిభ ఉన్న పిల్లలు ఈ క్రీడలో మొదట వెనుకబడటం సాధారణం. కారణం లెక్కలోనే ఉంది. 18 నిమిషాల పరుగులో వేగాన్ని పది శాతం పెంచితే ఆదా అయ్యేది సుమారు ఒక నిమిషం 40 సెకన్లు. ఒక్క కంట్రోల్ దగ్గర రెండు నిమిషాలు వెతికితే ఆ లాభమంతా హరించుకుపోతుంది. కిలోమీటరును ఐదు నిమిషాల్లో పరుగెత్తేవారు నిమిషానికి 200 మీటర్లు, అంటే 1:4,000 పటంలో ఐదు సెంటీమీటర్లు దాటుతారు. పది సెకన్లు పటం చూడకపోతే 33 మీటర్లు గడిచిపోతాయి. స్ప్రింట్‌లో ఒక మలుపు తప్పడానికి ఆ దూరం చాలు.

ఇందుకు శిక్షకులు ట్రాఫిక్ దీపాల పోలికను వాడతారు. స్పష్టమైన ఆనవాలు వెంట ఆకుపచ్చ, అంటే పూర్తి వేగం. అటాక్ పాయింట్ సమీపిస్తుండగా పసుపు. అక్కడి నుంచి కంట్రోల్ వరకు ఎరుపు, అంటే అడుగడుగునా పటం. పిల్లలు పటంపై ఈ మూడు రంగుల పెన్సిళ్లతో తమ మార్గాన్ని ముందే గీసుకుంటే వేగం ఆలోచనకు లోబడుతుంది.

పరుగు ముగిశాక పటంపై తాము నిజంగా వెళ్లిన దారిని ఒక్కొక్కరూ గీయాలి. కంట్రోళ్ల మధ్య పట్టిన సమయాలను పక్కన రాసుకోవాలి. ‘ఎందుకు తప్పావు’ అన్న ప్రశ్న పిల్లలను సంజాయిషీల వైపు నెడుతుంది. ‘ఇక్కడ ఏం చూశావు, దాన్ని పటంలో ఏమనుకున్నావు’ అని అడిగితే అసలు కారణం బయటపడుతుంది.

పల్సానా నేల: అనుకూలతలు, పరిమితులు

సూరత్ నగరానికి ఆగ్నేయంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, 48వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న పల్సానా తాలూకా కేంద్రం. వస్త్ర పరిశ్రమలు, కాలువ నీటితో పండే చెరకు తోటలు ఈ ప్రాంత స్వరూపాన్ని నిర్ణయిస్తున్నాయి. ఇదే తాలూకాలోని చల్థాన్‌లో సహకార చక్కెర కర్మాగారం, కడోదరాలో పారిశ్రామిక వాడ ఉన్నాయి. నేల దాదాపు సమతలం కావడంతో సమోన్నత రేఖల పాఠానికి ఇది చాలదు. కానీ పాఠశాల ఆవరణలు, క్రీడా మైదానాలు, అనుమతితో వాడుకోగల విద్యాసంస్థల ప్రాంగణాలు స్ప్రింట్ శిక్షణకు సరిపోతాయి.

వాడకూడని చోట్లను అంతకంటే స్పష్టంగా నిర్ణయించుకోవాలి. జాతీయ రహదారిని దాటవలసిన మార్గాన్ని ఏ వయసువారికీ గీయకూడదు. చెరకు తోట రైతు జీవనాధారం. పైగా ఎదిగిన చెరకులో రెండడుగుల అవతల ఏముందో కనిపించదు. దక్షిణ గుజరాత్ చెరకు తోటల్లో చిరుతలు నివసించడం, పిల్లలను కనడం అటవీ శాఖకు తెలిసిన విషయమే. విషసర్పాల ప్రమాదం సరేసరి. చెరకు కోతల కాలంలో లోడు బండ్లు, లారీలు పొలం బాటల మీద ఎడతెగక తిరుగుతాయి. కాలువలు, రైలు మార్గాలు, కర్మాగారాల ఆవరణలు కూడా ఊదా గీతలతో నిషేధించవలసినవే.

ఋతువులను బట్టి ప్రణాళిక మారాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నల్లరేగడి నేల బంకగా మారుతుంది. తరగతి గది పటాలు, జ్ఞాపకశక్తి అభ్యాసాలు, మైదానంలో చిన్న చిక్కుదారులు ఆ నెలలకు అనువైనవి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు బయటి సాధనకు ఉత్తమ కాలం. ఎండాకాలంలో సూర్యోదయం తర్వాత తొలి గంటల్లోనే ముగించాలి.

ఎత్తుపల్లాల పాఠానికి బయటకు వెళ్లక తప్పదు. తూర్పున సహ్యాద్రి అంచుల్లోని డాంగ్ జిల్లా టేకు, వెదురు అడవులు, సాపుతారా కొండలు అందుకు దగ్గరి ప్రాంతాలు. అక్కడ అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. పిల్లలు సమతల నేలపై పటాన్ని నేలకు అమర్చడం, బొటనవేలి గుర్తు, అటాక్ పాయింట్ అనే మూడింటిలో స్థిరపడ్డాకే ఆ ప్రయాణం ఫలిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో అయితే హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని గ్రానైట్ బండల వంటి నేల ఇదే పాఠాన్ని నగరంలోనే నేర్పగలదు.

పటం ఎవరు తయారు చేయాలి

చాలా చోట్ల శిక్షణ మొదలుకాకపోవడానికి అసలు అడ్డంకి తగిన పటం లేకపోవడం. 2021 ఫిబ్రవరి 15న కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ప్రకటించిన మార్గదర్శకాలతో భారతీయ సంస్థలు, పౌరులు పటాలు తయారు చేయడానికి ముందస్తు అనుమతుల అవసరం తొలగింది. భద్రతాపరంగా సున్నితమైన వివరాలపై పరిమితులు కొనసాగుతున్నాయి. స్థల యజమాని అనుమతి ఎప్పుడూ అవసరమే.

ఆధారానికి హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం నిర్వహించే ‘భువన్’ ఉపగ్రహ చిత్రాలు, స్వచ్ఛంద సేవకులు నిర్మించే ‘ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్’ అందుబాటులో ఉన్నాయి. ‘ఓపెన్‌ఓరియంటీరింగ్ మ్యాపర్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అంతర్జాతీయ చిహ్నాల్లో పటం గీయవచ్చు. అయితే తెర మీది చిత్రం పటం కాదు. ప్రతి గోడనూ, సందునూ నడిచి సరిచూడాలి. ఉపగ్రహ చిత్రంలో చెట్టు నీడన దాగిన గేటు, కొత్తగా లేచిన ప్రహరీ నేల మీదే తెలుస్తాయి. పెద్ద విద్యార్థులకు ఈ సర్వే బాధ్యత అప్పగిస్తే అదే ఉత్తమ శిక్షణ. తప్పు పటం పిల్లలకు పటంపైనే నమ్మకం పోగొడుతుంది. కాబట్టి ముద్రణకు ముందు మరొకరి చేత పరీక్షింపజేయాలి.

దిక్కుల మాటలు, తెలుగు పిల్లలు

మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి తరలివెళ్లిన నేతకార్మిక కుటుంబాలు సూరత్‌లో పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ పరిధిలో తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుస్తున్నాయి. ఇటువంటి బహుభాషా పరిసరాల్లో శిక్షకులు సూచనలను పిల్లల భాషలో ఇవ్వడం వల్ల మేలు జరుగుతుంది.

దిశల విషయంలో తెలుగు సమృద్ధమైనది. ఇంగ్లిష్ మూలల దిక్కులను రెండు పేర్లు కలిపి చెబుతుంది. తెలుగులో ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం వేర్వేరు మాటలు. ఇంటి వాస్తు ముచ్చట్ల వల్ల, వాతావరణ వార్తల్లోని నైరుతి రుతుపవనాల వల్ల ఇవి పిల్లల చెవిన పడుతూనే ఉంటాయి. 45 డిగ్రీలను ఈశాన్యంగా, 225 డిగ్రీలను నైరుతిగా జోడించి చెబితే దిశాకోణం అంకెగా కాక తెలిసిన మాటగా గుర్తుంటుంది. సూర్యోదయానికి ఎదురుగా నిలబడితే ఎడమన ఉత్తరం, కుడిన దక్షిణం అన్న పాఠం వెనుక కూడా భాష ఉంది. సంస్కృతంలో దక్షిణ శబ్దానికి కుడి అన్న అర్థమూ ఉంది. లాటిన్‌లో ‘ఓరియెన్స్’ అంటే ఉదయించేది, తూర్పు. ఈ క్రీడ పేరుకు మూలం అదే.

అయితే జెండా, కంట్రోల్, పంచ్ వంటి పోటీ పదాలను అంతర్జాతీయంగా వాడే రూపంలోనే నేర్పడం మంచిది. వివరణ పత్రంలోని చిహ్నాలకు భాషతో పని లేదు. బయటి పోటీలకు వెళ్లిన పిల్లలకు అవి ఎక్కడైనా అర్థమవుతాయి.

భద్రత, నడవడి

ప్రతి అభ్యాసానికి ఈ కనీస నియమాలు అవసరం.

• ప్రతి బిడ్డ వద్ద ఈల ఉండాలి. ఆపదలో ఈల సంకేతం ఎలా ఇవ్వాలో ముందే సాధన చేయించాలి.
• తిరిగి రావలసిన తుది సమయం ఒకటి ఉండాలి. కంట్రోళ్లు పూర్తికాకపోయినా ఆ సమయానికి ముగింపుకు రావాలి.
• మధ్యలో మానుకున్నవారు కూడా ముగింపు వద్ద హాజరు వేయించుకోవాలి. బయలుదేరినవారి సంఖ్య, వచ్చినవారి సంఖ్య సరిపోయే వరకు శిక్షకుడు కదలకూడదు.
• పూర్తిగా దారి తప్పితే ఏ దిక్కుకు నడిస్తే సురక్షితమైన బాట వస్తుందో బయలుదేరే ముందే చెప్పాలి.
• పొదలున్న చోట పొడవు ప్యాంటు, మూసిన బూట్లు తప్పనిసరి. తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె, సమీప ఆసుపత్రి వివరాలు సిద్ధంగా ఉండాలి.
• ఒంటరిగా వెళ్లడానికి జంకే పిల్లలను, ముఖ్యంగా బయటి ప్రదేశాల్లో తిరిగే అవకాశం తక్కువగా ఉన్న బాలికలను, జంట నుంచి ఒంటరి పరుగుకు దశలవారీగా తీసుకురావాలి.

గాయపడిన తోటి క్రీడాకారుడికి సాయపడటం ఈ క్రీడలో నియమంగా రాసి ఉన్న విధి. 2009లో హంగరీలోని మిష్కోల్ట్స్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ రిలేలో స్వీడన్ క్రీడాకారుడు మార్టిన్ యోహాన్సన్ తొడలో కొమ్మ లోతుగా దిగింది. పతకాల కోసం పోటీపడుతున్న ఫ్రాన్స్‌కు చెందిన తియెరీ గెయోర్గియూ, నార్వేకు చెందిన ఆండర్స్ నోర్డ్‌బెర్గ్, చెక్ రిపబ్లిక్‌కు చెందిన మిఖాల్ స్మోలా తమ పరుగు ఆపి ఆయనకు సాయంగా నిలిచారు. స్వర్ణం స్విట్జర్లాండ్‌కు దక్కింది. ఆగిన ముగ్గురి జట్లూ పతకాలకు దూరమయ్యాయి.

ప్రారంభానికి కావలసినవి

ఒక పాఠశాల తొలి నెల శిక్షణకు ఖరీదైన సామగ్రి అవసరం లేదు. నడిచి సరిచూసిన ఆవరణ పటం ప్రతులు, నారింజ, తెలుపు అట్టలతో చేసిన పది గుర్తులు, వాటి వద్ద దారంతో కట్టిన వేర్వేరు రంగుల క్రేయాన్లు, ఒక స్టాప్‌వాచ్, పిల్లల సంఖ్యకు తగినన్ని ఈలలు ఉంటే చాలు. మొదటి నాలుగు వారాలు సమయం నమోదు చేయకుండా, కంట్రోళ్ల వరుస, పటాన్ని పట్టుకున్న తీరు మాత్రమే పరిశీలించాలి. పిల్లలు మలుపు తిరిగిన ప్రతిసారీ ఎవరూ చెప్పకుండానే పటాన్ని తిప్పుతున్నారంటే స్టాప్‌వాచ్ బయటకు తీయవచ్చు.